సర్టిఫికెట్ ఉంది సరే, లిస్టులో పేరుందా? మా ల్యాబ్‌లో జరిగిన తప్పు, దాన్ని దిద్దుకున్న కథ



పోస్ట్ పెద్దది, ఓపిక ఉన్నప్పుడు చదవండి. కంప్యూటర్ కోర్సులు చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవాలని మా కోరిక. ఇందులో మేము చేసిన తప్పు ఒకటుంది. దాచుకుంటే ఎవరికీ లాభం లేదు. చెప్తే కనీసం ఇంకో నలుగురు ఆ తప్పు చేయకుండా ఉంటారు.

మేము నలుగురం. ఇద్దరిది పాడేరు వైపు, ఒకరిది రంపచోడవరం, ఇంకొకరిది ఉట్నూరు. అందరం గురుకులాల్లో చదువుకున్నవాళ్ళమే. ఇప్పుడు హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగాలు చేస్తున్నాం. పెద్ద ఉద్యోగాలేం కాదు, నైట్ షిఫ్టులు ఎక్కువ.

ముందుగా మనందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాం. ఎస్టీ సర్టిఫికెట్. ఒరిజినల్ ఒకటి, జిరాక్సులు ఓ పది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, వానలో తడవకుండా చొక్కా లోపల దాచుకుని కౌన్సెలింగ్‌కి పోయినవాళ్ళమే మనమంతా. అక్కడ మొదటి టేబుల్ దగ్గర సార్ ఏం చూస్తాడు? సంతకం, సీలు, నంబర్. అన్నీ సరిగ్గా ఉంటే వెరిఫైడ్ అని టిక్కు పెడతాడు. అంతటితో సీటు వచ్చినట్టేనా? కాదు. ఇంకో లిస్టు ఉంటుంది. ఫలానా కాలేజీ, ఫలానా బ్రాంచి, అందులో మన పేరు ఉందా లేదా. మొదటి టేబుల్ "నువ్వెవరు?" అని అడుగుతుంది. రెండోది "నీకు ఇక్కడ చోటుందా?" అని అడుగుతుంది. హాస్టల్లోనూ అంతే. ఎస్టీ సర్టిఫికెట్ చూపించినంత మాత్రాన వార్డెన్ ఏ రూమ్ తాళం పడితే ఆ రూమ్ తాళం ఇవ్వడు. రిజిస్టర్ తీసి చూస్తాడు.

ఈ రెండు టేబుళ్ళు వేరని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా సొంతంగా ల్యాబ్ పెట్టుకున్నప్పుడు మేము ఒక్క టేబులే వేశాం. రెండోది మర్చిపోయాం. కథంతా అక్కడే ఉంది.

ల్యాబ్ అంటే ఏదో అనుకోకండి. నలుగురం తలా కొంత వేసుకుని ఒక సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొన్నాం. మా అద్దె గదిలో బీరువా పక్కన పెట్టాం. ఆన్ చేస్తే రైస్ మిల్లు పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఎందుకు కొన్నామంటే, మన పిల్లల్లో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. ఉన్నా అది పాతది, లైనక్స్ ప్రాక్టీస్ చేయడానికి ర్యామ్ చాలదు. కాలేజీ ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్ దగ్గర ముగ్గురు కూర్చోవాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వరు. మరి సర్వర్ పని ఎలా నేర్చుకుంటారు? అందుకే ఒక పెద్ద మిషన్‌లో చిన్న చిన్న మిషన్లు పన్నెండు చేసి, ఒక్కొక్కరికి ఒక్కటి ఇద్దామనుకున్నాం.

దీన్నే వర్చువలైజేషన్ అంటారు. ఒకే ఇంట్లో పన్నెండు వాటాలు, ఒక్కో వాటాకి వేరే పొయ్యి, వేరే తలుపు. ఒక వాటాలో అన్నం మాడినా పక్క వాటాకి తెలియదు. దానికి మేము వాడింది క్యూఎమూ అనే సాఫ్ట్‌వేర్. దీన్ని మొదలుపెట్టింది ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్, 2003లో. తర్వాత 2007లో లైనక్స్ కెర్నెల్‌లోకి కేవీఎం వచ్చింది. ఈ రెండూ కలిస్తే వర్చువల్ మిషన్ దాదాపు అసలు మిషన్ అంత స్పీడుగా నడుస్తుంది. రెండూ ఉచితం, సోర్స్ కోడ్ మొత్తం బయటే ఉంటుంది. మనలాంటివాళ్ళకి ఇంతకంటే మంచి బడి లేదు.

వర్చువల్ మిషన్‌కి మానిటర్ ఉండదు కదా, దాని స్క్రీన్ దూరం నుంచి చూడాలి. దానికి వీఎన్‌సీ వాడతారు. మొదటి మిషన్ 5901 పోర్టులో, రెండోది 5902లో, అలా వరసగా పెట్టాం. హాస్టల్లో ఉన్న తమ్ముడు తన ల్యాప్‌టాప్‌లో వ్యూయర్ తెరిచి, తన పోర్టు నంబర్ కొడితే తన మిషన్ స్క్రీన్ కనబడుతుంది.

మామూలు వీఎన్‌సీలో కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ కాదు. హాస్టల్ వైఫైలో పక్కన కూర్చున్నవాడు కాస్త తెలివైనవాడైతే అంతా చూడగలడు. దాని పాస్‌వర్డ్ కూడా ఎనిమిది అక్షరాలకు మించి పనికిరాదు. అందుకని టీఎల్‌ఎస్ పెట్టాం. బ్యాంకు వెబ్‌సైట్లలో తాళం గుర్తు కనిపిస్తుంది కదా, అదే టెక్నాలజీ. బ్యాంకు సైట్‌లో సర్టిఫికెట్ చూపించేది బ్యాంకు సర్వర్ ఒక్కటే. మేము ఇంకో అడుగు ముందుకేశాం. కనెక్ట్ అయ్యేవాళ్ళు కూడా సర్టిఫికెట్ చూపించాల్సిందే అని పెట్టాం. క్యూఎమూలో దానికి వెరిఫై-పీర్ అనే ఆప్షన్ ఉంది.

మరి ఆ సర్టిఫికెట్లు ఎవరిస్తారు? మేమే. సర్ట్‌టూల్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో మా సొంత సీఏ, అంటే సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే అధికారిని తయారు చేసుకున్నాం. మండలం ఆఫీసులో తహసీల్దార్ సంతకం ఎలాగో ఇక్కడ సీఏ కీ అలాగ. ఆ కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఎవరికైనా సర్టిఫికెట్ పుట్టించగలరు. అందుకే దాన్ని పెన్ డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచాం. పన్నెండు మందికి పన్నెండు సర్టిఫికెట్లు ఇచ్చాం. ఆ రోజు మా గర్వం చూడాలి! ఆఫీసులో సీనియర్లకు కూడా ఇంత సెటప్ లేదని మాలో మేము చెప్పుకున్నాం.

నాలుగు నెలలు బాగానే నడిచింది.

ఒక రోజు సాయంత్రం డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు తడబడుతోంది. "అన్నా, తప్పయింది. నా మిషన్ అనుకుని ఓపెన్ చేశా. వేరేవాళ్ళది వచ్చింది." విషయం ఏంటంటే, వాడి పోర్టు 5908. తొందరలో 5903 కొట్టాడు. అది ఒక చెల్లెలి మిషన్. ఆమె లాగౌట్ చేయకుండా అన్నానికి వెళ్ళింది. స్క్రీన్ మీద స్కాలర్‌షిప్ ఫారం సగం నింపి ఉంది. ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్, వాళ్ళమ్మ ఫోన్ నంబర్, పక్కన ఎస్టీ సర్టిఫికెట్ స్కాన్. చూడడమే కాదు, వాడు మౌస్ కదిపితే అక్కడ కదులుతోంది కూడా.

ఆ తమ్ముడు మంచివాడు కాబట్టి వెంటనే మూసేసి మాకు ఫోన్ చేశాడు. చేయకపోతే? మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆ రాత్రి నలుగురం అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాం, ఎవరికీ తినబుద్ధి కాలేదు. మాలో ఒకరు అన్నారు: "ఏం కాలేదుగా, రేపు సరి చేద్దాం, ఆమెకు చెప్పడం ఎందుకు, భయపడుతుంది." ఇంకొకరు ఒప్పుకోలేదు. "మన కాగితాలు ఆఫీసుల్లో పారేసి, అడిగితే ఏం కాలేదులే అని వాళ్ళంటే మనకెంత మండేది? ఇప్పుడు మనం కూడా అదే అందామా?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే ఆ చెల్లెలికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాం.

ఆమె తిట్టలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "అందరి తాళం అందరి తలుపులకీ పడితే, ఇక తాళం ఎందుకు పెట్టారన్నా?"

తిట్టినా బాగుండేది.

ఆమె అడిగింది అక్షరాలా నిజం. కనెక్ట్ అయ్యేవాడు సర్టిఫికెట్ చూపిస్తాడు. క్యూఎమూ దాని మీద మా సీఏ సంతకం ఉందా లేదా చూస్తుంది. తేదీ దాటిందా లేదా చూస్తుంది. ఉంటే లోపలికి రానిస్తుంది. ఆ సంతకం పన్నెండు మంది సర్టిఫికెట్ల మీదా ఉంది. అంటే ఏ ఒక్క సర్టిఫికెట్ ఉన్నా పన్నెండు తలుపులూ తెరుచుకుంటాయి. మేము "నువ్వెవరు" అని అడిగాం. "ఈ గది నీదేనా" అని అడగలేదు. మొదటిదాన్ని ఇంగ్లీషులో ఆథెంటికేషన్ అంటారు, రెండోదాన్ని ఆథరైజేషన్ అంటారు. స్పెల్లింగ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి పరీక్షల్లో తికమక పడతాం. పనిలో తికమక పడితే మాత్రం ఇలా అవుతుంది.

అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. మా దగ్గర తలుపులు పన్నెండేనా?

కాదు. ఇంకోటి ఉంది. రోజూ అర్ధరాత్రి దాటాక మిషన్లు ఆపి, వాటి డిస్కుల్ని గదిలోని ఇంకో పాత కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసేవాళ్ళం. దానికి ఎన్‌బీడీ అనే పద్ధతి వాడాం. నెట్‌వర్క్ బ్లాక్ డివైస్. మొత్తం డిస్కునే నెట్‌వర్క్ మీద చూపించే పద్ధతి అది. దాని పోర్టు 10809. దానికీ టీఎల్‌ఎస్ పెట్టాం, సర్టిఫికెట్ తప్పనిసరి చేశాం. కానీ సీఏ మాత్రం అదే సీఏ! మా రౌటర్‌లో ఆ పోర్టు కూడా బయటికి తెరిచే ఉంది. ఎందుకు తెరిచామో మాకే గుర్తులేదు. ఎప్పుడో టెస్టింగ్‌కి తెరిచి మూయడం మరిచిపోయినట్టున్నాం.

ఫోన్ చేసిన తమ్ముడిని అడిగి, వాడి సర్టిఫికెట్‌తోనే బయటి నుంచి ప్రయత్నించి చూశాం. తెరుచుకుంది. ఇంకొకరి డిస్క్, 40 జీబీ, మా ముందు కనబడుతోంది. వీఎన్‌సీలో అయితే ఆ క్షణంలో స్క్రీన్ మీద ఉన్నదే కనిపిస్తుంది. ఇక్కడ మొత్తం డిస్కే వస్తుంది. ఆ మిషన్‌కి పాస్‌వర్డ్ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే లాగిన్ స్క్రీన్ దాకా వెళ్ళే పనే లేదు. ఇంకో దారుణం, రీడ్-ఓన్లీ అని పెట్టడం కూడా మరిచాం. అంటే డిస్క్ చదవడమే కాదు, దాని మీద రాయొచ్చు కూడా. అప్పుడు మా కాళ్ళు నిజంగా వణికాయి. వెంటనే రౌటర్‌లో ఆ పోర్టు మూసేశాం. పన్నెండు మందికీ మెసేజ్ పెట్టి, కారణం చెప్పి, ల్యాబ్ ఆపేశాం.

తర్వాత పది రోజులు షిఫ్ట్ నుంచి రాగానే ఇదే పని. మొదట వచ్చిన ఆలోచన, ఒక్కో మిషన్‌కి ఒక్కో సీఏ పెడదాం అని. అప్పుడు ఒకరి సర్టిఫికెట్ ఇంకోచోట చెల్లదు. కానీ రేపు ఇద్దరు కలిసి ఒక ప్రాజెక్ట్ చేస్తామంటే ఒక్కొక్కరి దగ్గర రెండేసి, మూడేసి సర్టిఫికెట్లు. పన్నెండు సీఏ కీలు జాగ్రత్త చేయాలి. పది మంది తహసీల్దార్ల సంతకాలు కావాలంటే ఎంత తిరగాలో మనకు తెలియనిది కాదు. వద్దనుకున్నాం.

అప్పుడు క్యూఎమూ డాక్యుమెంటేషన్ కూర్చుని చదివాం. మొదటిరోజే చదవాల్సింది. మాకు కావాల్సింది అందులోనే ఉంది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 4.0 వెర్షన్‌లో దీనికోసం ఆథ్‌జెడ్ అనే కొత్త ఆబ్జెక్టులు చేర్చారు. ఈ పని చేసింది రెడ్ హ్యాట్‌లో పనిచేసే డేనియల్ బెరాంజే. అంతకు ముందు వీఎన్‌సీకి మాత్రం ఏసీఎల్ అని ఒక పాత పద్ధతి ఉండేది. కొత్త పద్ధతిలో ఒకే రకం లిస్టు వీఎన్‌సీకీ, ఎన్‌బీడీకీ, సీరియల్ కన్సోల్ లాంటి క్యారెక్టర్ డివైస్‌లకీ, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి నడుస్తున్న మిషన్‌ని తరలించే మైగ్రేషన్‌కీ పనిచేస్తుంది.

ఎలా పనిచేస్తుందో మా మాటల్లో చెప్తాం. ప్రతి సర్టిఫికెట్‌లో డిస్టింగ్విష్డ్ నేమ్ అని ఒక వరస ఉంటుంది. మన సర్టిఫికెట్‌లో పేరు, తండ్రి పేరు, గ్రామం, మండలం, జిల్లా రాసినట్టే అందులో పేరు, సంస్థ, ఊరు, రాష్ట్రం, దేశం ఉంటాయి. టీఎల్‌ఎస్ కరచాలనం అయ్యి, సంతకం సరైనదే అని తేలాక, క్యూఎమూ ఆ వరసని తీసుకుని మనం ఇచ్చిన లిస్టులో వెతుకుతుంది. ఉంటే లోపలికి. లేకపోతే కనెక్షన్ కట్. ఇదే మేము మర్చిపోయిన రెండో టేబుల్.

లిస్టు ఇవ్వడానికి నాలుగు దారులున్నాయి. ఒక్క మనిషికి మాత్రమే అనుమతి అయితే ఆథ్‌జెడ్-సింపుల్. కొందరికైతే ఆథ్‌జెడ్-లిస్ట్. ఆ లిస్టు వేరే ఫైల్‌లో పెట్టాలంటే ఆథ్‌జెడ్-లిస్ట్‌ఫైల్. లైనక్స్‌లో ఉన్న పామ్ వ్యవస్థకి అప్పజెప్పాలంటే ఆథ్‌జెడ్-పామ్. మేము లిస్ట్‌ఫైల్ తీసుకున్నాం. ఫైల్ మార్చితే క్యూఎమూ తనంతట తానే గమనించి కొత్త లిస్టు చదువుకుంటుంది. మిషన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసే పని లేదు.

ఆ ఫైల్‌లో ఒక్కో లైన్‌కి మూడు సంగతులు రాస్తాం. ఎవరు, అనుమతించాలా వద్దా, పేరు అక్షరం అక్షరం కలవాలా లేక నక్షత్రం గుర్తు పెట్టి అలాంటివన్నీ కలిసినా చాలా. పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. మొదట ఏది కలిస్తే అదే తీర్పు. ఏదీ కలవకపోతే చివర రాసిన మాట చెల్లుతుంది. ఆ చివరి మాట దగ్గర మేము డినై అని రాశాం, అంటే నిరాకరించు అని. తర్వాత వీఎన్‌సీ ఆప్షన్లలో టీఎల్‌ఎస్-ఆథ్‌జెడ్ అని పెట్టి ఆ లిస్టు ఐడీ ఇచ్చాం. పన్నెండు మిషన్లకి పన్నెండు చిన్న లిస్టులు. ఎన్‌బీడీకి వేరే లిస్టు, అందులో బ్యాకప్ కంప్యూటర్ పేరు ఒక్కటే. దానికి రీడ్-ఓన్లీ కూడా పెట్టాం.

రాసినంత తేలిగ్గా జరగలేదు. మేము పడ్డ గుంటలు చెప్తాం, మీరు పడొద్దు.

మొదటిది, పేరు వరస. అక్షరం అక్షరం కలవాలి అన్నప్పుడు నిజంగా అక్షరం అక్షరం కలవాలి. మేము సర్టిఫికెట్ చేసినప్పుడు రాసిన క్రమం ఒకటి, క్యూఎమూకి కనబడే క్రమం ఒకటి. పేరు ముందా, దేశం ముందా అన్నది తేడా వచ్చింది. తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని కాగితం తిప్పి పంపినట్టే, ఇక్కడా తిప్పి పంపింది. చివరికి ఊహించడం మానేసి, ఒకసారి కనెక్ట్ అవ్వనిచ్చి, నిరాకరించినప్పుడు క్యూఎమూ ఎర్రర్‌లో ఏ వరస చూపించిందో దాన్నే కాపీ చేసి లిస్టులో పెట్టాం. అదే తేలిక.

రెండోది, కామా. సింపుల్ పద్ధతిలో ఆ వరసని కమాండ్ లైన్‌లోనే ఇస్తే, లోపల ఉన్న ప్రతి కామానీ రెండుసార్లు కొట్టాలి. లేకపోతే క్యూఎమూ దాన్ని ఇంకో ఆప్షన్ మొదలైందని అనుకుంటుంది. దీనికి ఒక రాత్రి పోయింది.

మూడోది కూడా కామానే. లిస్ట్‌ఫైల్ జేసన్ రూపంలో ఉంటుంది. ఒకసారి ఎడిట్ చేస్తూ ఒక కామా వదిలేశాం. క్యూఎమూ ఫైల్ మళ్ళీ చదవబోయి, అర్థంకాక, ఆ మిషన్‌లోకి ఎవ్వరినీ రానివ్వలేదు. ఫైల్ సరిచేసేదాకా అందరికీ నిరాకరణే. ఆ మిషన్ తమ్ముడికి మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. మేము నైట్ షిఫ్ట్‌లో ఉన్నాం. వాడు పాపం రాత్రి ఒంటిగంట దాకా ప్రయత్నించాడు. ఆ తమ్ముడికి క్షమాపణ చెప్పాం. కానీ ఆలోచిస్తే ఆ డిజైన్ సరైనదే. అనుమానం వస్తే తలుపు మూసే ఉంచాలి. లిస్టు ఐడీ తప్పు రాసినా, ఆ ఆబ్జెక్ట్ లేకపోయినా అంతే, నిరాకరిస్తుంది. ఇప్పుడు మేము అసలు ఫైల్‌ని నేరుగా ముట్టుకోం. పక్కన కాపీలో మార్చి, జేసన్ సరిగ్గా ఉందో లేదో చెక్ చేసి, అప్పుడు దాన్ని అసలు పేరుతో మారుస్తాం.

నాలుగోది, నక్షత్రం గుర్తు. ఒక్కో పేరు రాయడం విసుగొచ్చి, మా సంస్థ పేరున్న అందరికీ అనుమతి అని నక్షత్రం పెట్టేద్దాం అని మాలో ఒకరం అన్నాం. అలా పెడితే మళ్ళీ మొదటికే వచ్చాం కదా! అందరి తాళం అందరి తలుపులకీ. విసుగు వచ్చినప్పుడే జాగ్రత్తగా ఉండాలని అప్పుడు అర్థమైంది.

ఐదోది, లిస్టు చూసేది కనెక్ట్ అయ్యేటప్పుడే. అప్పటికే లోపల ఉన్న మనిషి పేరు తీసేసినా వాడి కనెక్షన్ తెగదు. మనం వెళ్ళి తెంపాలి. ఇంకో సంగతి, ల్యాప్‌టాప్ పోయిందనుకోండి, లిస్టులో పేరు తీయడం ఒక్కటే చాలదు. ఆ సర్టిఫికెట్‌నే రద్దు చేసి రద్దుల జాబితాలో చేర్చాలి. లిస్టులో పేరు తీస్తే ఒక్క తలుపు మూసుకుంటుంది. సర్టిఫికెట్ రద్దు చేసి, ఆ జాబితా అన్ని సర్వీసులకీ ఇస్తే అన్ని తలుపులూ మూసుకుంటాయి. రెండూ వేరు, రెండూ కావాలి.

ఇప్పుడు అసలు మనసులో మాట. చివరి లైన్‌లో డినై అని టైప్ చేసేటప్పుడు మాలో ఒకరి చేయి కాసేపు ఆగింది. నవ్వకండి. ఆ మాట మనం జీవితాంతం అవతలి వైపు నుంచి విన్న మాట. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, నిజంగానే మీరు ఎస్టీలేనా అన్నట్టు చూసిన చూపులు మనకు తెలుసు. లిస్టు ఎక్కడ అతికించారో చెప్పని ఆఫీసులు తెలుసు. పేరు ఎందుకు పోయిందో అడిగితే రేపు రా అన్న కిటికీలు తెలుసు. ఇప్పుడు లిస్టు మన చేతిలో ఉంది. మనం కూడా అలాంటి కిటికీ అవుతామా?

చాలాసేపు మాట్లాడుకున్నాక తేలింది ఏంటంటే, తప్పు లిస్టుది కాదు. లిస్టు కనబడకపోవడం తప్పు. కారణం చెప్పకపోవడం తప్పు. మనిషిని అనుమానించి తలుపు మూయడం వేరు, ఒకరి గదిని ఆమెకే ఉంచడానికి తలుపు మూయడం వేరు. 5903 తలుపు మూసింది ఆ తమ్ముడు చెడ్డవాడని కాదు. ఆ గది ఆ చెల్లెలిది అని.

అందుకే మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరి మిషన్ లిస్టు వాళ్ళకి ఎప్పుడు అడిగితే అప్పుడు చూపిస్తాం. ఒకరి లిస్టులో ఇంకొకరి పేరు చేర్చాలంటే ఆ మిషన్ ఎవరిదో వాళ్ళు చెప్పాలి, మేము కాదు. పేరు తీసేస్తే ఎందుకు తీశామో ఆ రోజే మెసేజ్ పెడతాం. సీఏ కీ తీయాలంటే మాలో ఇద్దరు ఉండాలి. కోర్సు అయిపోయినవాళ్ళ పేర్లు నెలకోసారి చూసుకుంటాం.

ల్యాబ్ మళ్ళీ మొదలుపెట్టాక పదకొండు మంది వెంటనే వచ్చారు. ఆ చెల్లెలు రాలేదు. మేము బలవంతం చేయలేదు. మూడు వారాల తర్వాత తనే ఫోన్ చేసి, "నా లిస్టు చూపించండన్నా" అంది. పంపించాం. అందులో ఐదు లైన్లున్నాయి. ఒకటి ఆమెది. మిగతా నాలుగు మావి. చెడిపోతే బాగుచేయడానికి ఉంటాయిలే అని ప్రతి లిస్టులో మా నలుగురి పేర్లు పెట్టుకున్నాం.

"ఇది నా గది కదా, మీ నలుగురి పేర్లు ఎందుకున్నాయి?" అని అడిగింది.

మళ్ళీ మా దగ్గర జవాబు లేదు. అన్ని లిస్టుల్లోంచీ మా పేర్లు తీసేశాం. ఎవరికైనా సాయం కావాలంటే వాళ్ళు అడిగిన రోజు పేరు చేరుస్తాం, పనయ్యాక తీసేస్తాం. అయితే ఆమెకు ఇంకో నిజం కూడా చెప్పాం. సర్వర్ మా గదిలో ఉంది, డిస్కులు మా చేతిలో ఉన్నాయి, ఆ ఫైల్ రాసేది మేమే. కాబట్టి ఈ లిస్టు బయటివాళ్ళని ఆపుతుంది కానీ, మేము చెడ్డవాళ్ళమైతే మమ్మల్ని ఆపలేదు. మా మీద నమ్మకం ఏ ఆప్షన్‌లోనూ దొరకదు, అది మేమే నిలబెట్టుకోవాలి. కాబట్టి ఆధార్ లాంటి కాగితాలు ల్యాబ్ మిషన్‌లో తెరవొద్దని, పని అయ్యాక లాగౌట్ చేయమని అందరికీ చెప్పాం.

ఆమె ఇప్పుడు మళ్ళీ వస్తోంది. పోయిన నెల నుంచి కొత్తగా చేరిన పిల్లలకి సర్టిఫికెట్ చేయడం, లిస్టు రాయడం తనే నేర్పుతోంది. మొదటి క్లాసులో తను అడిగే ప్రశ్న, "మీ చేతిలో సర్టిఫికెట్ ఉంది సరే, ఏ గదికి?"

ఇది చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళలో ఎవరైనా సర్వర్ పనిలో ఉంటే ఈ వారం ఒక్క పని చేయండి. మీరు చూసుకునే చోట సర్టిఫికెట్ అడిగే తలుపులు ఎన్నున్నాయో కాగితం మీద రాయండి. ఒక్కో తలుపు పక్కన, సంతకం ఒక్కటే చూస్తుందా, లిస్టు కూడా చూస్తుందా అని రాయండి. క్యూఎమూలో టీఎల్‌ఎస్-ఆథ్‌జెడ్ ఇవ్వకపోతే సంతకం ఒక్కటే చూస్తుంది. తర్వాత ఒకరి సర్టిఫికెట్‌తో ఇంకొకరి తలుపు తట్టి చూడండి, వాళ్ళని అడిగి మాత్రమే. తెరుచుకోకపోతే అప్పుడు నిద్రపోండి.

మేము రాసినదాంట్లో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం. ఎవరికైనా మా లిస్ట్‌ఫైల్ నమూనా కావాలంటే అడగండి, పంపిస్తాం. అందులో మా పేర్లు ఉండవు.

జోహార్.